గున్‌పేయ్ యోకోయి

గున్‌పేయ్ యోకోయి (సెప్టెంబర్ 10, 1941 - అక్టోబర్ 4, 1997) జపాన్ దేశానికి చెందిన ప్రముఖ ఆటవస్తువుల రూపకర్త, వీడియో గేముల నిర్మాత. నింటెండో సంస్థలో 1965 నుండి 1996 వరకు, అనగా ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాడు. పేకముక్కలు తయారు చేసే సంస్థగా ఉన్న నింటెండో ప్రపంచ ప్రసిద్ధి పొందిన వీడియో గేముల సంస్థగా మారడానికి ముఖ్య కారకులలో ఈయన ఒకడు. అల్ట్రా హ్యాండ్, గేమ్ అండ్ వాచ్, గేమ్ బాయ్ ఈయన రూపకల్పనలో ప్రసిద్ధమైనవి. వీడియో గేము పరికరాలపై ఎడమచేతి బొటనవేలికి అందేలా ఉండే ప్లస్ గుర్తు ఆకారపు మీటకు రూపమిచ్చినది కూడా ఈయనే. 1981లో వెలువడిన సుప్రసిద్ధ ఆర్కేడ్ ఆట డాంకీ కాంగ్ ఈయన పర్యవేక్షణలో తయారైంది. కొత్త సాంకేతికత కోసం పరుగెత్తడం కన్నా, అందరికీ బాగా తెలిసిన చవకైన సాంకేతికతను ఎవరూ ఊహించని పనికి వాడుకోవడం మేలని ఈయన నమ్మాడు. ఈయన విజయాలకూ, చివరి దశలో ఎదురైన పెద్ద వైఫల్యానికీ ఈ నమ్మకం గీటురాయి వంటిది.

బాల్యం, విద్యాభ్యాసం

యోకోయి 1941 సెప్టెంబర్ 10న జపాన్ ప్రాచీన రాజధాని అయిన క్యోటో నగరంలో జన్మించాడు. అదే నగరంలోని దోషిషా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ విద్యనభ్యసించి పట్టభద్రుడయ్యాడు. 1965లో నింటెండోలో ఉద్యోగిగా చేరాడు.

అప్పటికి నింటెండోకు ఎలక్ట్రానిక్స్‌తో చెప్పుకోదగ్గ సంబంధం లేదు. 1889లో ఫుసజిరో యమౌచి క్యోటోలో స్థాపించిన ఈ సంస్థ హనాఫుదా అనే పూల బొమ్మల పేకముక్కలను తయారు చేసేది. ఆయన మునిమనుమడైన హిరోషి యమౌచి 1949 నుండి సంస్థకు అధ్యక్షుడుగా ఉన్నాడు. పేకముక్కలు తయారు చేసే యంత్రాలు చెడిపోకుండా చూసుకోవడం, చెడిపోతే బాగుచేయడం యోకోయికి అప్పగించిన పని. ఇంజనీరింగ్ చదివినవాడికి ఇది గొప్ప పనేమీ కాదు. యంత్రాలు సక్రమంగా నడుస్తున్నంతసేపు ఆయనకు చేతినిండా తీరిక ఉండేది. ఆ తీరికే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

ఆటవస్తువుల రూపకల్పన

అల్ట్రా హ్యాండ్

తీరిక సమయంలో యోకోయి కర్మాగారంలోని పరికరాలతో తన సరదా కోసం ఒక ఆటవస్తువు తయారు చేసుకున్నాడు. కత్తెర వలె ఒకదానినొకటి దాటే కడ్డీల వరుస అది. ఒక చివర పిడులను దగ్గరకు నొక్కితే రెండవ చివర ముందుకు సాగి, దూరంగా ఉన్న వస్తువును పట్టుకుంటుంది. 1966లో కర్మాగారానికి వచ్చిన అధ్యక్షుడు యమౌచి దీనిని చూశాడు. పనివేళలో ఆటలేమిటని మందలిస్తాడని యోకోయి భావించగా, యమౌచి దానిని అమ్మకానికి వీలైన వస్తువుగా తీర్చిదిద్దమని ఆదేశించాడు. అల్ట్రా హ్యాండ్ పేరుతో విడుదలైన ఈ వస్తువు పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. పేకముక్కల వ్యాపారం మందగించి, ఇతర వ్యాపారాలలో నష్టపోయిన నింటెండోకు ఇది ఊపిరి పోసింది. యంత్రాల మరమ్మత్తు చేసే ఉద్యోగి ఆటవస్తువుల రూపకర్త అయ్యాడు.

ఇతర ఆటవస్తువులు

తరువాతి సంవత్సరాలలో యోకోయి అనేక ఆటవస్తువులను రూపొందించాడు. ఇంటి లోపల బేస్‌బాల్ ఆడుకోవడానికి మెత్తని బంతులను విసిరే అల్ట్రా మెషీన్ వీటిలో ఒకటి. 1969లో వచ్చిన లవ్ టెస్టర్ మరొకటి. ఇద్దరు వ్యక్తులు ఒకరి చేయి ఒకరు పట్టుకుని, రెండవ చేతులతో ఈ పరికరపు తీగల చివరలనున్న గుండ్లను పట్టుకుంటే, వారి మధ్య ప్రేమ ఎంత ఉన్నదో ముల్లు చూపుతుందని ప్రచారం చేశారు. నిజానికి అది శరీరం గుండా ప్రవహించే స్వల్ప విద్యుత్తును కొలిచే సాధారణ మాపకం మాత్రమే. పాఠశాల ప్రయోగశాలలో కనిపించే ఇటువంటి పరికరాన్ని యువతీ యువకులు చేతులు కలుపుకొనే వేడుకగా మార్చడంలో యోకోయి ఆలోచనా విధానం స్పష్టంగా కనిపిస్తుంది.

1970లో కాంతి తుపాకీ ఆటవస్తువులు వెలువడ్డాయి. తుపాకీ మీట నొక్కగానే దాని నుండి వెలుగు వెలువడుతుంది. లక్ష్యంలో అమర్చిన కాంతి ఘటంపై ఆ వెలుగు పడితే గురి తగిలినట్లు. ఈ కాంతి ఘటాలు షార్ప్ సంస్థవి. వాటి అమ్మకానికై వచ్చిన షార్ప్ ఉద్యోగి మసయుకి ఉఎమురా తరువాత నింటెండోలోనే చేరి, 1983లో వచ్చిన ఫామికామ్ అనే గృహ వీడియో గేము యంత్రాన్ని రూపొందించాడు.

1973లో ఇదే సూత్రాన్ని పెద్ద ఎత్తున వాడి, ఆదరణ తగ్గి మూతపడుతున్న బౌలింగ్ శాలలను తుపాకీ గురి ఆటశాలలుగా మార్చే పథకాన్ని నింటెండో చేపట్టింది. మొదట్లో మంచి ఆదరణ లభించింది. కాని అదే సంవత్సరం చివర సంభవించిన చమురు సంక్షోభం వలన జపాన్ ఆర్థిక వ్యవస్థ దెబ్బతిని, వచ్చిన ఆర్డర్లు రద్దయ్యాయి. సంస్థ అప్పులలో కూరుకుపోయింది. తక్కువ ఖర్చుతో ఎక్కువ ఆకర్షణ గల వస్తువును సృష్టించవలసిన అవసరం మరింత పెరిగింది.

గేమ్ అండ్ వాచ్

1970వ దశకం చివరలో ఒకనాడు యోకోయి షింకాన్‌సేన్ రైలులో ప్రయాణిస్తుండగా, విసుగు చెందిన ఒక ఉద్యోగి తన జేబు క్యాలిక్యులేటర్ మీటలను ఊరికే నొక్కుతూ కాలక్షేపం చేయడం గమనించాడు. పెద్దవారు కూడా ఇతరుల కంట పడకుండా అరచేతిలో ఇముడ్చుకొని ఆడుకోగల చిన్న పరికరం ఉంటే బాగుంటుందని ఆయనకు తోచింది. మరొక సందర్భంలో అధ్యక్షుని కారు నడిపేవాడు రాకపోవడంతో ఆ పని యోకోయి మీద పడింది. దారిలో ఆయన ఈ ఆలోచనను యమౌచికి చెప్పాడు. ఆనాటి సమావేశంలోనే యమౌచి షార్ప్ సంస్థ అధ్యక్షునితో ఈ విషయం ప్రస్తావించాడు. క్యాలిక్యులేటర్ల వ్యాపారంలో తీవ్రమైన పోటీ ఎదుర్కొంటున్న షార్ప్‌కు తన ద్రవ స్ఫటిక తెరలకు మరొక ఉపయోగం దొరికింది.

ఈ విధంగా 1980 ఏప్రిల్‌లో గేమ్ అండ్ వాచ్ వరుసలో మొదటిదైన బాల్ విడుదలైంది. ఇందులో బంతులను గాలిలోకి ఎగరవేస్తూ కింద పడకుండా పట్టుకోవాలి. క్యాలిక్యులేటర్ తెరపై అంకెలోని గీతలు ముందుగానే అచ్చు వేసి ఉండి, అవసరమైనప్పుడు నల్లబడి కనిపిస్తాయి. ఈ ఆటలో కూడా మనిషి చేతులు, బంతి ఉండవలసిన స్థానాలన్నీ తెరపై ముందే ఏర్పరచి ఉంటాయి. అవి ఒకదాని తరువాత ఒకటి కనిపించడం వలన బంతి కదులుతున్న భావన కలుగుతుంది. ఆడనప్పుడు ఇది గడియారంగా పనిచేస్తుంది. ఈ వరుసలోని ఆటలన్నీ కలిపి ప్రపంచవ్యాప్తంగా 4 కోట్ల 34 లక్షలు అమ్ముడుపోయాయి.

ప్లస్ ఆకారపు మీట

1982లో డాంకీ కాంగ్ ఆటను గేమ్ అండ్ వాచ్ రూపంలో తేవాలనుకున్నప్పుడు ఒక చిక్కు ఎదురైంది. ఆర్కేడ్ యంత్రంలో నాలుగు దిక్కులకూ కదలడానికి నిలువుగా ఉండే జాయ్‌స్టిక్ ఉంటుంది. పుస్తకంలా మడిచి జేబులో పెట్టుకొనే పరికరానికి అటువంటి కర్ర పొసగదు. నాలుగు దిక్కులకు నాలుగు వేరు వేరు మీటలు పెడితే, ఆడేవాడు తెర మీద నుండి చూపు తిప్పి వేలు ఎక్కడున్నదో వెదుక్కోవాలి. యోకోయి ఈ నాలుగింటినీ కలిపి ప్లస్ గుర్తు ఆకారంలో ఒకే మీటగా చేశాడు. బొటనవేలు దాని మధ్యన ఉంచి ఏ వైపు ఒరిగిస్తే ఆ వైపు కదలిక జరుగుతుంది. వేలి స్పర్శతోనే దిక్కు తెలిసిపోతుంది కనుక కిందికి చూడనవసరం లేదు. మరుసటి సంవత్సరం ఫామికామ్‌లో కూడా దీనినే అమర్చారు. తరువాత ఇతర సంస్థల వీడియో గేము పరికరాలలో కూడా ఏదో ఒక రూపంలో ఇది చోటు చేసుకుంది.

డాంకీ కాంగ్

నేపథ్యం

ఆర్కేడ్ ఆటలు అంటే నాణెం వేసి నిలబడి ఆడే పెద్ద యంత్రాలు. 1980 ప్రాంతంలో నింటెండో వీటితో అమెరికా విపణిలో ప్రవేశించింది. యమౌచి అల్లుడైన మినోరు అరకవా అక్కడి శాఖకు అధిపతి. ఆయన రాడార్ స్కోప్ అనే ఆట యంత్రాలను సుమారు 3 వేలు తెప్పించగా వాటిలో సుమారు వెయ్యి మాత్రమే అమ్ముడయ్యాయి. మిగిలిన 2 వేల యంత్రాలు గోదాములో పడి ఉండి, శాఖ మూతపడే పరిస్థితి ఏర్పడింది. ఆ యంత్రాల పెట్టెలను అలాగే ఉంచి, లోపలి ఆటను మాత్రం మార్చి అమ్మాలని యమౌచి నిర్ణయించాడు. కొత్త ఆటను రూపొందించే పనిని యువ చిత్రకారుడైన షిగేరు మియమోతోకు అప్పగించి, పర్యవేక్షకుడిగా యోకోయిని నియమించాడు.

మియమోతోకు అప్పటికి ఆటను స్వయంగా రూపొందించిన అనుభవం లేదు. ఆయన మొదట్లో చేసిన ఊహలు ఆనాటి యంత్రాల శక్తికి మించినవని యోకోయి గుర్తించాడు. నాయకుడిని తూగుటుయ్యాల వంటి పలకతో ఎగరవేసే సూచన యోకోయి చేశాడు గాని, దానికి ప్రోగ్రామ్ వ్రాయడం కష్టమని విరమించారు. చివరకు వాలుగా ఉన్న దూలాలు, నిచ్చెనలు, దొర్లివచ్చే పీపాలు అనే రూపం కుదిరింది. ఇకెగామి త్సుషిన్‌కి అనే సంస్థ ప్రోగ్రామింగ్‌లో పాలుపంచుకుంది. 1981 జూలైలో విడుదలైన ఈ ఆట అమెరికాలో సుమారు 60 వేల యంత్రాల అమ్మకంతో నింటెండో శాఖను నిలబెట్టింది.

ఆడే విధానం

నిర్మాణంలో ఉన్న భవనం పైకి డాంకీ కాంగ్ అనే పెద్ద కోతి ఒక యువతిని ఎత్తుకుపోతుంది. ఆమెను విడిపించడానికి ఒక వడ్రంగి కింది నుండి పైకి ఎక్కుతాడు. ఇతడికి మొదట జంప్‌మ్యాన్ అని పేరు. తరువాత మారియో అన్నారు. నింటెండో అమెరికా శాఖకు గోదాము అద్దెకిచ్చిన యజమాని పేరు మీదుగా ఈ పేరు వచ్చింది. ఆ యువతికి తరువాత పౌలీన్ అని పేరు పెట్టారు.

ఆడేవాడికి ఉన్న సాధనాలు రెండే. జాయ్‌స్టిక్‌తో కుడి, ఎడమలకు నడవవచ్చు, నిచ్చెనలు ఎక్కి దిగవచ్చు. మీట నొక్కితే మారియో ఎగురుతాడు. ఆటలో నాలుగు దశలున్నాయి.

* 25 మీటర్లు: వాలు దూలాలపై కోతి దొర్లించే పీపాలను ఎగిరి దాటుతూ పైకి చేరాలి. కొన్ని పీపాలు దారిలోని నిచ్చెనల మీదుగా కిందికి జారుతాయి. కనుక నిచ్చెన ఎక్కేటప్పుడు పైకి చూసుకోవాలి. అడుగున ఉన్న నూనె డ్రమ్ము నుండి నిప్పు ముద్దలు పుట్టి వెంటబడతాయి.
* 50 మీటర్లు: కన్వేయర్ బెల్టులపై సిమెంటు తట్టలు కదులుతుంటాయి. బెల్టు కదిలే దిక్కును బట్టి మారియో నడక వేగం మారుతుంది.
* 75 మీటర్లు: పైకీ కిందికీ తిరిగే లిఫ్టులను ఎక్కి దిగుతూ, పైన గెంతుకుంటూ వచ్చే స్ప్రింగులను తప్పించుకోవాలి.
* 100 మీటర్లు: దూలాలను పట్టి ఉంచే 8 రివెట్లపై నడిచి వాటిని ఊడదీయాలి. అన్నీ ఊడితే కోతి తలకిందులుగా పడిపోతుంది, నాయికా నాయకులు కలుసుకుంటారు.

జపాన్ యంత్రాలలో ఈ దశలు వరుసగా వస్తాయి. అమెరికా యంత్రాలలో మొదటి స్థాయిలో 25, 100 మీటర్ల దశలు మాత్రమే ఉండి, మిగిలినవి తరువాతి స్థాయిలలో చేరుతాయి. చివరి దశ పూర్తయిన తరువాత ఆట మరింత కఠినమై మళ్ళీ మొదలవుతుంది.

పీపాను ఎగిరి దాటితే 100 పాయింట్లు వస్తాయి. 75 మీటర్లది తప్ప మిగిలిన దశలలో రెండేసి సుత్తులు వేలాడుతుంటాయి. సుత్తిని అందుకొంటే కొద్దిసేపు పీపాలను, నిప్పు ముద్దలను పగలగొట్టి అదనపు పాయింట్లు పొందవచ్చు. అయితే సుత్తి చేతిలో ఉన్నంతసేపు ఎగరడానికి గాని, నిచ్చెన ఎక్కడానికి గాని వీలుండదు. సుత్తి తీసుకోవాలా వద్దా అన్నది ఆటగాడు ప్రతిసారి తేల్చుకోవలసిన ప్రశ్న. యువతి జారవిడిచిన గొడుగు, టోపీ, చేతిసంచి తీసుకుంటే కూడా పాయింట్లు లభిస్తాయి. తన ఎత్తుకు మించిన లోతుకు పడితే మారియో చనిపోతాడు. ప్రతి దశలో గడువును సూచించే అంకె ఒకటి తగ్గుతూ ఉంటుంది. గెలిచినప్పుడు మిగిలినది పాయింట్లలో కలుస్తుంది. అది సున్నా అయితే ఒక ప్రాణం పోతుంది.

ఈ ఆటకు ముగింపు లేదనుకున్నారు గాని, 22వ స్థాయిలో అది దానంతటదే ఆగిపోతుంది. గడువును లెక్కించడానికి యంత్రం స్థాయి సంఖ్యను 10తో గుణించి 40 కలుపుతుంది. 22వ స్థాయిలో ఈ మొత్తం 260 అవుతుంది. ఎనిమిది బిట్లలో 0 నుండి 255 వరకు మాత్రమే నిలువ చేయగలం కనుక, 256 పోగా 4 మాత్రమే మిగులుతుంది. అందువలన గడువు 400 వద్ద మొదలై కొద్ది క్షణాలలోనే ముగుస్తుంది. ఎంతటి నేర్పరి అయినా అంతకు మించి వెళ్ళలేడు.

న్యాయ వివాదం

తమ కింగ్ కాంగ్ సినిమా హక్కులకు ఈ ఆట భంగం కలిగిస్తున్నదని 1982లో యూనివర్సల్ సినీ సంస్థ నింటెండోపై దావా వేసింది. కింగ్ కాంగ్ కథ అందరి సొత్తు అని అదే సంస్థ గతంలో మరొక వ్యాజ్యంలో వాదించి గెలిచిన సంగతి బయటపడింది. 1983లో న్యాయస్థానం నింటెండోకు అనుకూలంగా తీర్పునిచ్చింది. 1984లో పై న్యాయస్థానం కూడా దానినే ఖాయపరచింది.

ఇతర వీడియో గేములు

1983లో వచ్చిన మారియో బ్రదర్స్ ఆర్కేడ్ ఆటకు కూడా మియమోతో, యోకోయి కలిసి పనిచేశారు. ఎత్తు నుండి పడినా మారియోకు దెబ్బ తగలకూడదన్నది యోకోయి సూచన. అలా చేస్తే ఆట మరీ సులువవుతుందని మియమోతో మొదట సందేహించినా తరువాత అంగీకరించాడు. తరువాతి మారియో ఆటలలో నాయకుడు స్వేచ్ఛగా ఎగిరి దూకడానికి ఈ మార్పు దారి తీసింది.

1983లో అమెరికాలో గృహ వీడియో గేముల వ్యాపారం కుప్పకూలింది. వీడియో గేము అనే మాట వింటేనే దుకాణదారులు ముఖం చాటేసే రోజులవి. అప్పుడు యోకోయి రూపొందించిన రాబ్ అనే చిన్న మరమనిషిని 1985లో నింటెండో గృహ యంత్రంతో పాటు అమ్మారు. దీనివలన ఆ యంత్రం కొత్తరకపు ఆటవస్తువుగా కనిపించి దుకాణాలలో చోటు సంపాదించుకుంది. మరమనిషితో ఆడే ఆటలు రెండే వచ్చినా, దాని పని అది నెరవేర్చింది. యోకోయి నాయకత్వంలోని మొదటి పరిశోధన, అభివృద్ధి విభాగం 1986లో మెట్రాయిడ్, కిడ్ ఇకారస్ ఆటలను తయారు చేసింది. మెట్రాయిడ్‌లో కవచం ధరించిన యోధుడు నిజానికి స్త్రీ అని ఆటను త్వరగా ముగించిన వారికి మాత్రమే తెలుస్తుంది.

గేమ్ బాయ్

గేమ్ అండ్ వాచ్‌లో ఒక పరికరానికి ఒకే ఆట. ఆటలను మార్చుకోగల చేతి యంత్రంగా గేమ్ బాయ్‌ను యోకోయి, సతోరు ఒకాడా మొదలైనవారు రూపొందించారు. ఇది 1989 ఏప్రిల్ 21న జపాన్‌లో విడుదలైంది. ఒకే రంగులో నాలుగు ఛాయలను మాత్రమే చూపే చిన్న తెర, ఎనిమిది బిట్ల ప్రాసెసర్ ఇందులో ఉన్నాయి. తెర వెనుక దీపం లేదు.

కొద్ది కాలంలోనే అటారీ సంస్థ లింక్స్‌ను, సెగా సంస్థ గేమ్ గేర్‌ను రంగుల తెరలతో విడుదల చేశాయి. రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే గేమ్ బాయ్ వెలవెలబోయేది. కాని రంగుల తెర, దాని దీపం బ్యాటరీలను త్వరగా హరించేవి. ఆరు బ్యాటరీలతో ఆ యంత్రాలు కొద్ది గంటలు మాత్రమే పనిచేయగా, గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలకు పైగా పనిచేసేది. వెల తక్కువ, బరువు తక్కువ, కింద పడినా సులభంగా పగిలేది కాదు. పిల్లల చేతికిచ్చే వస్తువుకు ఇవే ముఖ్యమని యోకోయి తలచాడు. అమెరికాలో దీనితో పాటు ఇచ్చిన టెట్రిస్ ఆట పెద్దలను కూడా ఆకర్షించింది. తరువాత వచ్చిన గేమ్ బాయ్ కలర్‌తో కలిపి మొత్తం 11 కోట్ల 86 లక్షలకు పైగా యంత్రాలు అమ్ముడుపోయాయి.

ఆలోచనా విధానం

యోకోయి తన పద్ధతికి జపనీయ భాషలో పెట్టిన పేరుకు, ఎండిన సాంకేతికతతో అడ్డంగా ఆలోచించడం అని స్థూలంగా అర్థం చెప్పవచ్చు. ఎండినది అంటే పనికిరానిది అని కాదు. బాగా వాడుకలోకి వచ్చి, గుణదోషాలన్నీ తెలిసిపోయి, వెల తగ్గినది అని భావం. అడ్డంగా ఆలోచించడం అంటే ఆ వస్తువును అలవాటైన పనికి కాక వేరొక పనికి వాడడం. విద్యుత్ మాపకం లవ్ టెస్టర్‌గా, కాంతి ఘటం తుపాకీ లక్ష్యంగా, క్యాలిక్యులేటర్ తెర గేమ్ అండ్ వాచ్‌గా మారడం దీనికి ఉదాహరణలు.

ఈ పద్ధతికి వ్యాపారపరమైన కారణం కూడా ఉంది. కొత్త సాంకేతికతతో పోటీపడితే ఎక్కువ ధనం గల సంస్థదే గెలుపు. కొత్త ఆలోచనతో పోటీపడితే చిన్న సంస్థ కూడా గెలవగలదు. తెరపై బొమ్మలు ఎంత అందంగా ఉన్నాయన్న దానికన్నా, ఆటలోని వినోదమే ముఖ్యమని యోకోయి భావించాడు.

వర్చువల్ బాయ్ వైఫల్యం

1990 తరువాత యోకోయి చేపట్టిన పెద్ద ప్రయత్నం వర్చువల్ బాయ్. అమెరికాలోని రిఫ్లెక్షన్ టెక్నాలజీ అనే సంస్థ రూపొందించిన తెర దీనికి ఆధారం. ఎర్రని కాంతినిచ్చే చిన్న డయోడ్ల వరుసను వేగంగా ఊగే అద్దంలో ప్రతిబింబింపజేసి ప్రతి కంటికి ఒక చిత్రాన్ని చూపుతారు. రెండు చిత్రాల మధ్య స్వల్ప తేడా ఉండడం వలన లోతు ఉన్నట్లు అనిపిస్తుంది. ఎర్ర డయోడ్లు చవక, తక్కువ విద్యుత్తును వాడుకుంటాయి కనుక వాటినే ఎంచుకున్నారు.

1995 జూలైలో జపాన్‌లో, ఆగస్టులో అమెరికాలో విడుదలైన ఈ యంత్రం విజయవంతం కాలేదు. తలకు తగిలించుకునే వీలు లేక, బల్లపై నిలబెట్టి ముందుకు వంగి చూడవలసి వచ్చేది. చుట్టూ చీకటి, మధ్యన ఎర్రని గీతలు. కళ్ళు అలసిపోతున్నాయని, తలనొప్పి వస్తున్నదని వాడినవారు ఫిర్యాదు చేశారు. ఆడేవాడు చూసేది పక్కవారికి కనిపించదు కనుక దుకాణంలో నలుగురికీ చూపడం కూడా కష్టమైంది. సుమారు 7 లక్షల 70 వేల యంత్రాలు మాత్రమే అమ్ముడయ్యాయి. మొత్తం 22 ఆటలు వచ్చాయి. ఏడాది తిరగకుండానే దీని అమ్మకాలు నిలిపివేశారు.

చవకైన పరికరాన్ని కొత్త పనికి వాడాలన్న యోకోయి సూత్రం ఇక్కడ కూడా ఉంది. కాని గేమ్ బాయ్‌ను ఎక్కడికైనా తీసుకుపోయి, ఎంతసేపైనా, పక్కవారితో కలిసి ఆడవచ్చు. వర్చువల్ బాయ్‌లో ఈ మూడూ లోపించాయి.

రాజీనామా, కొత్త సంస్థ

యోకోయి 1996 ఆగస్టులో నింటెండోను విడిచిపెట్టాడు. వర్చువల్ బాయ్ వైఫల్యమే దీనికి కారణమన్న అభిప్రాయం విస్తృతంగా ప్రచారంలో ఉంది. అయితే యాభై ఏళ్ళు దాటిన తరువాత స్వతంత్రంగా పనిచేయాలన్న ఆలోచన ఆయనకు ముందు నుండి ఉన్నది. రాజీనామాకు కొద్ది ముందు, 1996 జూలైలో, గేమ్ బాయ్ కన్నా చిన్నదైన గేమ్ బాయ్ పాకెట్ జపాన్‌లో విడుదలైంది. ఓటమితో కాక ఒక మంచి వస్తువుతో ఆయన సెలవు తీసుకున్నాడని చెప్పవచ్చు.

తరువాత క్యోటోలోనే కోటో లాబొరేటరీ అనే సంస్థను స్థాపించాడు. బందాయ్ సంస్థ కోసం వండర్‌స్వాన్ అనే కొత్త చేతి యంత్రపు రూపకల్పనలో పాలుపంచుకున్నాడు. తాను సృష్టించిన గేమ్ బాయ్‌కే పోటీగా మరొక యంత్రాన్ని తయారు చేసే స్థితి అది.

మరణం

1997 అక్టోబర్ 4న యోకోయి ప్రయాణిస్తున్న కారు ఇషికావా ప్రాంతంలో హొకురికు రహదారిపై ముందున్న వాహనాన్ని ఢీకొంది. నష్టమెంత జరిగిందో చూడడానికి ఆయన కారు దిగగా, అటుగా వచ్చిన మరొక కారు ఆయనను ఢీకొంది. ఈ ప్రమాదంలో ఆయన మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 56 సంవత్సరాలు.

వండర్‌స్వాన్‌ను ఆయన చూడలేకపోయాడు. 1999 మార్చిలో విడుదలైన ఈ యంత్రం ఒకే ఒక్క బ్యాటరీతో సుమారు 30 గంటలు పనిచేసేది. నిలువుగా గాని, అడ్డంగా గాని పట్టుకొని ఆడవచ్చు. దానితో పాటు విడుదలైన ఒక గీతల పజిల్ ఆటకు ఆయన స్మారకంగా గున్‌పేయ్ అని పేరు పెట్టారు.

గుర్తింపు, ప్రభావం

2003లో అంతర్జాతీయ గేమ్ డెవలపర్ల సంఘం యోకోయికి మరణానంతరం జీవన సాఫల్య పురస్కారాన్ని ప్రకటించింది. ఆయన ఆలోచనల ప్రభావం నింటెండోపై తరువాత కూడా కొనసాగింది. 2004లో వచ్చిన నింటెండో డిఎస్ రెండు తెరలతో మడిచే రూపంలో ఉండి, 1982 నాటి గేమ్ అండ్ వాచ్‌ను గుర్తుకు తెచ్చింది. 2006లో వచ్చిన వీ యంత్రం పోటీ యంత్రాల కన్నా తక్కువ శక్తి గలదైనా, చేతి కదలికతో ఆడించే కొత్త పద్ధతి వలన విజయం సాధించింది. 2020లో నింటెండో గేమ్ అండ్ వాచ్ పేరుతో ఒక కొత్త పరికరాన్ని విడుదల చేసింది.

మియమోతో పేరు లోకానికి తెలిసినంతగా యోకోయి పేరు తెలియదు. ఆయన రూపొందించిన యంత్రాలను వాడినవారిలో ఎందరికో వాటి వెనుకనున్న వ్యక్తి ఎవరో తెలియదు. అయినా వీడియో గేము పరికరం చేతిలోకి తీసుకొని ప్లస్ గుర్తు మీటపై బొటనవేలు ఆనించిన ప్రతివారూ ఆయన పనిని తాకినవారే.

ముఖ్యమైన సృష్టులు

* అల్ట్రా హ్యాండ్ (1966)
* లవ్ టెస్టర్ (1969)
* కాంతి తుపాకీ ఆటవస్తువులు (1970)
* టెన్ బిలియన్ పజిల్ (1980)
* గేమ్ అండ్ వాచ్ (1980)
* డాంకీ కాంగ్ - పర్యవేక్షణ (1981)
* ప్లస్ ఆకారపు మీట (1982)
* మారియో బ్రదర్స్ - మియమోతోతో కలిసి (1983)
* రాబ్ మరమనిషి (1985)
* మెట్రాయిడ్, కిడ్ ఇకారస్ - నిర్మాత (1986)
* గేమ్ బాయ్ (1989)
* వర్చువల్ బాయ్ (1995)
* వండర్‌స్వాన్ - మరణానంతరం విడుదల (1999)